అడగకపోయినా చెప్పవలసిన లోపం

గత రంజాన్ నెలకు ముందు, ఒక గురువారం అస్ర్ నమాజు తరువాత నా పూర్వ విద్యార్థి ఒకడు మదరసాకు వచ్చాడు. వినుకొండ మార్గంలోని ఒక గ్రామంలో దర్జీ పని చేసుకుంటూ, అక్కడి మస్జిదులో పిల్లలకు ఖాయిదా చెబుతుంటాడు. వారి అమ్మీకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు నరసరావుపేట తీసుకువెళ్ళి డయాలసిస్ చేయించాలి. పోను ముప్పై, రాను ముప్పై కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఎలాగో బస్సు ఎక్కగలుగుతున్నారు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆమెకు నిలబడే శక్తి ఉండదు. అందుచేత ప్రతిసారీ వేయి రూపాయలిచ్చి బాడుగ బండి మాట్లాడుకుంటున్నాడు.

"ఉస్తాద్‌గారూ, రెండు లక్షల ఇరవై వేలు కూడబెట్టాను. పాత చిన్న కారు ఒకటి కొందామనుకుంటున్నాను. అయితే మా బావగారు, పాతది కొంటే షెడ్డుకే సంపాదనంతా పోస్తావు, ఇంకో మూడు లక్షలు ఫైనాన్సు తీసుకుని కొత్తదానిలాంటిది కొను అంటున్నారు. నాకేమీ పాలుపోవడం లేదు" అన్నాడు.

ఇది ఒక్క అతని సమస్య కాదు. మన ఇళ్ళలో నేడు అనేకమంది ఎదుర్కొంటున్న సమస్య. అందువలన ఈ నెల ఈ శీర్షికలో దాని గురించే వ్రాయదలచాను. కారు కొనడం గురించి మదరసా ఉస్తాదుకు ఏమి పని అని కొందరు అనుకోవచ్చు. మన ఫిఖహ్ గ్రంథాలలో క్రయవిక్రయాల అధ్యాయం ఎంతో విస్తృతమైనది. మస్జిదులో ఉన్న దైవభీతి బజారులో ఉన్నదా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ముందుగా అవసరం, ఆ తరువాత లెక్క

షరీఅత్ పండితులు మనిషి అవసరాలను మూడు తరగతులుగా విభజించారు. అవి లేనిదే జీవితం సాగనివి (జరూరియ్యాత్), అవి లేకపోతే జీవితం ఇబ్బందుల పాలయ్యేవి (హాజియ్యాత్), కేవలం సొగసును పెంచేవి (తహ్సీనియ్యాత్). ఏ వస్తువు కొనేటప్పుడైనా అది మనకు ఈ మూడింటిలో ఎక్కడ నిలుస్తుందో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఒకే కారు ఒకరికి సొగసు, మరొకరికి తప్పనిసరి అవసరం. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు బంధువుల ముందు దిగడానికైతే దాని స్థానం వేరు. జబ్బుపడిన తల్లిని ఎండలో నిలబెట్టకుండా ఇంటికి చేర్చడానికైతే దాని స్థానం వేరు.

అతనిని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేయించాను. నెలకు ఎనిమిది ప్రయాణాలు, బాడుగ ఎనిమిది వేలు. స్వంత బండి అయితే నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు. లీటరుకు పదహారు కిలోమీటర్లు వచ్చినా ముప్పై లీటర్ల పెట్రోలు. లీటరు నూట పది రూపాయల లెక్కన మూడు వేల మూడు వందలు. మరమ్మతుల కొరకు నెలకు పదిహేను వందలు విడిగా దాచినా మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు. అంటే నెలకు మూడు వేల పైచిలుకు మిగులుతుంది. పైగా అర్ధరాత్రి ఆమెకు ఆయాసం వచ్చినా ఎవరి గుమ్మం తట్టనవసరం లేదు. ఇది నిజమైన అవసరమేనని తేలింది.

ఇప్పుడు బావగారి సలహాను కూడా అదే కాగితం మీద వేశాము. మూడు లక్షల అప్పు, ఏడాదికి నూటికి పద్నాలుగు వడ్డీ, అయిదేళ్ళ గడువు అనుకుంటే నెలకు కిస్తీ దాదాపు ఏడు వేలు. అయిదేళ్ళలో కట్టేది సుమారు నాలుగు లక్షల పంతొమ్మిది వేలు. వడ్డీ ఒక్కటే లక్షా పంతొమ్మిది వేలు. కిస్తీకి పెట్రోలు కలిపితే నెలకు పది వేలు దాటుతుంది. బాడుగ బండికన్నా స్వంత బండే భారమవుతుంది! వడ్డీ నిషిద్ధం అన్న ఆదేశం ఒక్కటే విశ్వాసికి చాలు. అయినా దానిలోని వివేకం కూడా కాగితం మీద కళ్ళారా కనిపించింది. వడ్డీని హెచ్చరిస్తూ దివ్య ఖుర్‌ఆన్‌లో అవతరించిన వాక్యాలంత కఠినమైన వాక్యాలు చాలా కొద్ది పాపాల విషయంలోనే కనిపిస్తాయి.

మరి డబ్బు చాలకపోతే మార్గమేమిటి? బంధుమిత్రుల నుండి ఖర్జె హసనా తీసుకోవచ్చు. తీసుకున్నది ఎంత, తీర్చే గడువు ఎప్పుడు అన్నవి కాగితం మీద వ్రాసి, సాక్షుల సంతకాలు తీసుకోవాలి. దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిటికన్నా పొడవైన ఆయత్, రెండవ సూరాలోని 282వ ఆయత్, అప్పు వ్రాతపూర్వకంగా ఉండాలని చెప్పడానికే అవతరించింది. స్వంత బావమరిదితో కాగితమేమిటని సిగ్గుపడవద్దు. కాగితం బంధుత్వాన్ని తెంచదు, కాపాడుతుంది. లేదా అమ్మేవారితోనే మాట్లాడుకుని, మొత్తం ధర ముందే నిర్ణయించుకుని, వాయిదాలలో చెల్లించవచ్చు. నగదు ధర కన్నా వాయిదాల ధర కొంత హెచ్చుగా ఉన్నా, అది బేరం కుదిరే సమయంలోనే ఒకే ధరగా తేలిపోతే అధిక సంఖ్యాక ఫఖీహుల దృష్టిలో అది ధర్మసమ్మతమే. అయితే వాయిదా ఆలస్యమైతే ఇంత అదనం అన్న షరతు ఉంటే అది మళ్ళీ వడ్డీయే అవుతుంది.

ఉన్న సొమ్మంతా బండి ధరకే పోయడం మరొక పొరపాటు. రెండు లక్షల ఇరవై వేలు ఉన్నవాడు లక్షా ఎనభై వేలకు మించిన బండిని చూడనే చూడకూడదని చెప్పాను. పేరు మార్పిడి, బీమా, రెండు టైర్లు, బ్యాటరీ, మొదటి నెలలోనే బయటపడే చిన్న మరమ్మతులు - ఇవన్నీ మిగిలిన నలభై వేలలో జరగాలి.

చూసి కొనడం కూడా తవక్కులే

అల్లాహ్‌పై భారం వేశానని చెప్పి కళ్ళు మూసుకుని కొనడం తవక్కుల్ కాదు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోవాలని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఈ విషయంలో అనుభవజ్ఞులైన మెకానిక్కుల వద్ద నేను నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెబుతాను.

మన ఊరి షెడ్డులో విడిభాగాలు దొరికే బండినే ఎన్నుకోవాలి. ఆల్టో, వ్యాగన్‌ఆర్ వంటి వాటికి చిన్న పట్టణాలలో కూడా పని తెలిసినవారు ఉన్నారు. మారుతి 800 తయారీ 2014 ఆరంభంలోనే ఆగిపోయింది. వాటిలో అన్నింటికన్నా కొత్తదానికి కూడా పదేళ్ళు దాటాయి. నానో, ఇయాన్ల తయారీ 2018లో ముగిసింది. ధర తక్కువ అని వీటిని కొనేవారు తమ ఊరిలో వాటికి పనిచేసేవారు ఉన్నారో లేదో ముందే విచారించాలి. ఇంట్లో వృద్ధులు, రోగులు ఉంటే సీటు ఎత్తు కూడా చూడాలి. ఆల్టోలో కిందికి వంగి కూర్చోవాలి. వ్యాగన్‌ఆర్‌లో దాదాపు కుర్చీలో కూర్చున్నట్లు కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి ఆ తేడా చాలా పెద్దది.

బండిని ఉదయం పూట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పాలి. వేడెక్కిన ఇంజిన్ తన జబ్బులను దాచుకుంటుంది. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ మండిపోతున్నదని అర్థం. వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే ఇంజిన్‌లోకి నీరు చేరుతున్నదని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత విప్పి చూస్తే లోపల మజ్జిగ తెట్టులాంటిది కనిపించినా అదే అనుమానం. టైరు ప్రక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం ఇరవై మూడవ వారంలో తయారైనదని భావం. పైకి అరగకపోయినా వయసు మీరిన టైరు నమ్మదగినది కాదు. మీటరు మీద నలభై వేల కిలోమీటర్లుండి, బ్రేకు పెడలు మీది రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, ఆ రెండింటిలో రబ్బరు మాటనే నమ్మాలి.

వరదనీటిలో మునిగిన బండ్లను ప్రత్యేకంగా కనిపెట్టాలి. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని వాహనాలు నీట మునిగాయో అందరమూ చూశాము. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూస్తే బురద చార కనిపించవచ్చు. కాళ్ళ క్రింది పట్టాను ఎత్తి వాసన చూడాలి. సీటు క్రింది ఇనుప పట్టాలకు తుప్పు ఉన్నదేమో చూడాలి. అటువంటి బండి ఆరు నెలలు బాగానే నడిచి, ఆ తరువాత వైర్లు కుళ్ళి ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది.

మెకానిక్కును మీరే తీసుకువెళ్ళండి, అతని కూలి మీరే ఇవ్వండి. అమ్మేవారి నుండి కమీషను తీసుకునే మెకానిక్కు సాక్ష్యం చెల్లదు.

కాగితాలు అమానత్‌లో భాగమే

ఆర్.సి.లోని ఛాసిస్ నెంబరు, ఇంజిన్ నెంబరు బండిమీద ఉన్నవాటితో సరిచూసుకోవాలి. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే, అప్పు తీరినట్లు వారి ఎన్.ఓ.సి. లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. చెల్లించని చలానాలు ఉన్నాయేమో చూసుకోవాలి. స్వంత కార్లకు మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము అయిదు వేలకు పెరిగింది. కనుక పదిహేనేళ్ళకు దగ్గరపడిన బండి చవకగా వస్తే ఆ ఖర్చునూ కలుపుకోవాలి. ఢిల్లీ ప్రాంతంలో పాత వాహనాలపై ఉన్న ఆంక్షల మూలంగా అక్కడి బండ్లు చవకగా ఇటు వస్తుంటాయి. వాటికి అక్కడి ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ మళ్ళీ పన్ను కట్టాలి. ఆ మొత్తం కలిపాక చవకతనం ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవాలి.

పేరు మార్పిడిని వాయిదా వేయడం మన సమాజంలో ఒక జాడ్యంగా మారింది. అమ్మినవారు ఇరవై తొమ్మిది, ముప్పై నెంబరు ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చి మరచిపోతారు. కొన్నవారు వాటిని అరలో పెట్టి మరచిపోతారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు పద్నాలుగు రోజులలో, కొన్నవారు ముప్పై రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. రికార్డులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారపు బాధ్యత వారిమీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనం అమ్మివేసిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మన ఇంటికి వస్తుంది. థర్డ్ పార్టీ బీమా కూడా చట్టరీత్యా తప్పనిసరి. బీమా విషయంలో ఉలమాల చర్చలు ఎన్ని ఉన్నా, చట్టం నిర్బంధించిన మేరకు చేయించుకోవడానికి అనుమతి ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయం

పై జాగ్రత్తలన్నీ అతనికి చెప్పి పంపాను. పది రోజుల తరువాత సంతోషంగా వచ్చాడు. "ఉస్తాద్‌గారూ, 2016 ఆల్టో ఒకటి లక్షా డెబ్బై అయిదు వేలకే ఇస్తామంటున్నారు. మీకు బాగా తెలిసినవారే" అని పేరు చెప్పాడు. నిజంగానే నాకు బాగా తెలిసినవారే. మా మస్జిదులో నమాజు చేసేవారే. ఆ పేరు విన్న క్షణంలోనే నా మనసు బరువెక్కింది.

ఎందుకంటే వరదలు వచ్చిన రోజులలో ఆయన విజయవాడ సింగ్‌నగర్‌లో ఉన్నారు. వారి కుటుంబం క్షేమం కొరకు మేమందరమూ మస్జిదులో దుఆ చేశాము. రెండు రోజులపాటు కారు నీటిలోనే ఉన్నదని ఆయనే స్వయంగా నాతో చెప్పారు. "ఆ విషయం నీకు చెప్పారా?" అని అడిగితే, నా విద్యార్థి నోట మాట రాలేదు. "నేను అడగలేదు ఉస్తాద్‌గారూ, నమాజీ మనిషి గదా" అన్నాడు.

ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. దానిని చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం నాకు న్యాయం కాదు.

దాదాపు పదిహేనేళ్ళ క్రితం నా వద్ద ఒక పాత మారుతి 800 ఉండేది. ప్రతి నలభై కిలోమీటర్లకు ఒకసారి రేడియేటరులో నీళ్ళు తగ్గిపోయేవి. ఇంజిన్ విప్పవలసి వస్తుందని మెకానిక్కు చెప్పాడు. నేను విప్పించలేదు, అమ్మకానికి పెట్టాను. గాజుల వ్యాపారం చేసుకునే ఒక సోదరుడు కొన్నాడు. "బండి ఎలా ఉంది?" అని ఒక్కమాట అడిగాడు. "నాకు బాగానే నడిచింది" అన్నాను. అది అబద్ధం కాదు, సత్యమూ కాదు. నాలుగు చెంబుల నీళ్ళు వెంట పెట్టుకుని తిరిగిన సంగతి నేను చెప్పలేదు. రెండు నెలల తరువాత, నిండు గర్భిణి అయిన కూతురిని ఆసుపత్రికి తీసుకువెళుతుండగా రాత్రివేళ దారిలో ఇంజిన్ పట్టేసింది. ఎవరో లారీ ఆపి వారిని చేర్చారు. అల్హందులిల్లాహ్, తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడ్డారు.

ఆ సోదరుడు నన్ను ఒక్క మాట అనలేదు. తరువాతి శుక్రవారం మొదటి వరుసలో కూర్చుని నా ఖుత్బా విన్నాడు, సలాం చేసి వెళ్ళిపోయాడు. జరిగిన సంగతి నాకు మెకానిక్కు ద్వారా తెలిసింది. వారి ఇంటికి వెళ్ళాను. మరమ్మతుకు పద్నాలుగు వేలయిందట. ఇల్లాలి చెవి కమ్మలు తాకట్టు పెట్టారు. నన్ను క్షమించమని అడిగితే ఆయన తలవంచుకుని, "మీరు ఉస్తాదుగారు గదా అని నేను వివరంగా అడగలేదండీ" అన్నారు. నాకు నేల మీద నిలబడడం కష్టమైంది. ఆ పద్నాలుగు వేలు మూడు నెలలలో చెల్లించాను. కమ్మలు ఇంటికి వచ్చాయి. ఆ మాట మాత్రం నన్ను విడిచిపోలేదు.

ఆయన అడగకపోవడం ఆయన అమాయకత్వం కాదు. నా గడ్డంమీద, నా మస్జిదుమీద ఆయనకున్న నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను పద్నాలుగు వేలకు అమ్ముకున్నాను.

తెలిసినవాడి మీది బాధ్యత

కనుక ఆ రోజు నా విద్యార్థి ముందు నేను మౌనంగా ఉండలేకపోయాను. అయితే ఒక సోదరుని లోపాన్ని మరొకరి ముందు బయటపెట్టడం గీబత్ కాదా? పరోక్ష నింద ఎంత ఘోరమైనదో మనకు తెలుసు. ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో గీబత్ కిందికి రాని ఆరు సందర్భాలను పేర్కొన్నారు. ముస్లిములను నష్టం నుండి హెచ్చరించడం, సలహా అడిగినవారికి నిజం చెప్పడం వాటిలో ఒకటి. అక్కడ మౌనమే ద్రోహమవుతుంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యా గ్రంథంలో ఒక సంఘటనను ఉల్లేఖించారు. ఒక వ్యక్తి తన ఒంటెను మూడు వందల దిర్హములకు అమ్మాడు. దైవప్రవక్త (స) సహచరులైన హజ్రత్ వాసిలా బిన్ అల్ అస్ఖా (రజి) ప్రక్కనే నిలబడి ఉన్నా పరాకుగా ఉన్నారు. కొన్నవాడు ఒంటెను తోలుకుని వెళ్ళిపోతుండగా ఆయన వెంటబడి, దీనిని మాంసం కొరకు కొన్నావా, ప్రయాణం కొరకు కొన్నావా అని అడిగారు. ప్రయాణం కొరకేనని తెలిసి, దాని పాదంలో రంధ్రం ఉన్నదని, అది వరుసగా నడవలేదని చెప్పారు. కొన్నవాడు తిరిగివచ్చాడు. అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించి, నా బేరం చెడగొట్టావని వాసిలా (రజి)ని నిష్ఠూరమాడాడు. ప్రతి ముస్లిముకూ మేలు కోరతామని తాము దైవప్రవక్త (స) చేతిలో బైఅత్ చేశామని ఆయన బదులిచ్చారు. వస్తువులోని లోపాన్ని చెప్పకుండా అమ్మడం అమ్మేవానికి ఎలా ధర్మసమ్మతం కాదో, ఆ లోపం తెలిసినవానికి మౌనం వహించడం కూడా అలాగే ధర్మసమ్మతం కాదన్న ప్రవక్త (స) బోధనను వినిపించారు.

ఒంటె పాదంలోని రంధ్రానికీ, కారు వైర్లలోని తడికీ తేడా ఏమున్నది?

నేను ముందుగా అమ్మేవారి ఇంటికే వెళ్ళాను. ఆయన పరువు కూడా నాపై అమానతే. "భాయ్, మీ కారు నీటిలో ఉన్న సంగతి ఆ అబ్బాయికి మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్పవలసి వస్తుంది. అతను దీనిని తల్లిని డయాలసిస్‌కు తీసుకువెళ్ళడానికి కొంటున్నాడు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఎలా ఉందో అలాగే అమ్ముతున్నానని చెప్పాను గదా మౌలానా, అది షరీఅత్‌లో చెల్లదా?" అని ప్రశ్నించారు.

ఆ ప్రశ్న నిరర్థకమైనది కాదు. మన హనఫీ ఫిఖహ్‌లో, ఏ లోపానికీ నాకు బాధ్యత లేదన్న షరతుతో చేసిన అమ్మకం చెల్లుతుంది. కానీ ఫఖీహులు ఖాజీ తీర్పునూ, అల్లాహ్ సన్నిధిలోని జవాబుదారీనీ వేరువేరుగా చూశారు. ఖాజీ ముందు ఆ షరతు మనల్ని కాపాడవచ్చు. తెలిసి తెలిసి దాచిన లోపానికి సంబంధించిన పాపాన్ని అది కడిగివేయదు. ఇద్దరూ సత్యం పలికి, ఉన్నది ఉన్నట్లు బయటపెట్టుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు సారాంశం. పత్రం మీది షరతు ఆ పోయిన బరకత్‌ను తెచ్చిపెట్టదు.

మరునాడు ఆయనే నా విద్యార్థికి ఫోను చేసి విషయం చెప్పారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక! తరువాత ఆ బండిని ధర తగ్గించి, నీటిలో మునిగినదని చెప్పే, ఒక మెకానిక్కుకు అమ్మారు. నాతో కొంతకాలం ముభావంగా ఉన్నారు. మొన్న ఈద్ నమాజు తరువాత తానే వచ్చి ఆలింగనం చేసుకున్నారు.

మూడు రోజుల గడువు, బయానా

నా విద్యార్థి చివరకు ఒక విశ్రాంత బడి పంతులుగారి వద్ద 2012 వ్యాగన్‌ఆర్ కొన్నాడు. ఆయన ముస్లిమేతరులు. బేరం మొదలుకాక ముందే ఆయన బండి సర్వీసు వివరాలు వ్రాసుకున్న డైరీ చేతికిచ్చి, ఏ.సి. పనిచేయదని, వెనుక ఎడమ అద్దం పైకి రాదని, రిజిస్ట్రేషను 2027లో ముగుస్తుందని తానే చెప్పారట. ఆ మాట విని నాకు సంతోషమూ కలిగింది, సిగ్గూ కలిగింది. ప్రవక్త (స) మనకు అప్పగించిన గుణం మరొకరి వద్ద కనబడి, మన వద్ద వెదకవలసి వస్తే సిగ్గుపడవలసింది మనమే.

లక్షా డెబ్బై అయిదు వేలకు బేరం కుదిరింది. నా సలహా మేరకు అతను మూడు రోజుల గడువు అడిగి వ్రాయించుకున్నాడు. దీనినే మన గ్రంథాలలో ఖియారె షర్త్ అంటారు. ఆ మూడు రోజులలో నచ్చకపోతే వాపసు చేసే హక్కు కొన్నవానికి ఉంటుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఈ గడువును మూడు రోజులకే పరిమితం చేశారు. ఇంత మంచి సౌకర్యం మన ధర్మంలో ఉండగా మనం అడగడానికే మొహమాటపడతాము.

బయానా విషయం కూడా గుర్తుంచుకోవాలి. బేరం రద్దయితే ఇచ్చిన బయానా వాపసు రాదన్న ఆచారం మన బజారులో ఉన్నది. హనఫీలతో సహా అధిక సంఖ్యాక ఫఖీహులు దానిని సమ్మతించలేదు, హంబలీలు అనుమతించారు. మన వద్ద కొనాలనుకున్నవాడు ఏదైనా ఇబ్బంది వలన వెనుకకు పోతే అతని బయానా తిరిగి ఇచ్చివేయడమే క్షేమకరం. అలాగే, ఇంకొక పార్టీ ఇరవై వేలు ఎక్కువ ఇస్తామన్నారని మధ్యవర్తులు లేనిది కల్పించి ధర పెంచడం ప్రవక్త (స) నిషేధించిన నజష్ క్రిందికి వస్తుంది. ఆ మధ్యవర్తి మన మనిషైనా సరే, ఆ అబద్ధం వలన పెరిగిన రూపాయి మనకు వద్దు.

సోదర సోదరీమణులారా! మీ ఇంటి ముందు పాత బండి ఉన్నదనుకోండి. దానిని అమ్మే రోజు తప్పక వస్తుంది. ఆ ముందురోజు రాత్రి ఒక కాగితం తీసుకుని దాని లోపాలన్నీ వ్రాయండి. ఇల్లాలిని కూడా అడగండి. మనం మరచినవి వారికి గుర్తుంటాయి. ఆ కాగితాన్ని కొనేవారి చేతిలో పెట్టండి. అయిదు వేలు తగ్గవచ్చు, పది వేలు తగ్గవచ్చు. ఆ తగ్గినది నష్టం కాదు, పరలోకపు ఖాతాలో జమ అయినది.

నిన్న నా విద్యార్థి ఫోను చేశాడు. ఏ.సి. లేదు కనుక తెల్లవారుజామున ఫజ్ర్ కాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే ఆసుపత్రికి చేరుకుంటున్నారట. బండి ఎక్కగానే వారి అమ్మీ ప్రయాణపు దుఆ చదివి, ఆ తరువాత ఆ పంతులుగారి కొరకు కూడా ప్రార్థిస్తున్నారట.

మనం అమ్మిన బండిలో కూర్చునే తల్లి మన కొరకు ఏమని ప్రార్థిస్తుందో, ప్రతి ఒక్కరమూ ఆలోచించుకోవాలి. అల్లాహ్ మనందరికీ క్రయవిక్రయాలలో సత్యాన్ని, సంపాదనలో బరకత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.